దిగని తీగ

"అదేమంత పెద్ద విద్య కాదు లెండి," అన్నాడు మేస్త్రి, టీ గ్లాసు బల్ల మీద పెడుతూ. "ట్యాంకు మీద వేలి కణుపుతో ఇలా టకటకమని కొడతాను. చప్పుడు విని లోపల ఎన్ని లీటర్ల పెట్రోలుందో చెప్పేస్తాను. అంతే."

విమానాల షెడ్డు పక్కనే మేస్త్రి భార్య టీ కొట్టు. బల్ల మీద కూర్చుని వింటున్నది ఇద్దరే. ఒకరు కెప్టెన్ గారు. రిటైరయ్యాక ఈ ఫ్లయింగ్ క్లబ్బు రేడియో చూసుకుంటున్నారు. రెండోవాడు గేటు వాచ్‌మన్. క్లబ్బుకున్నది ఒక్కటే విమానం, దాన్ని బాగుచేసే మేస్త్రి కంటే పదేళ్లు పెద్దది. దాన్ని ఈ పూట మేస్త్రి అన్న కూతురు నడుపుకుంటూ తీసుకెళ్లింది. గంటలో వస్తానంది. గంటా పది నిమిషాలైంది.

మేస్త్రి గడియారం వైపు చూసి, గొంతు పెంచాడు.

"చప్పుడు సంగతి అలా ఉంచండి. ఒకసారి ఓ పైలట్ గాల్లో ఉన్నాడు. నేను కింద మంచమ్మీద పడుకుని ఉన్నా. ఇంజను మోత విన్నా. లేచి కూర్చుని, 'ఒరే, నాలుగు లీటర్లే ఉంది, దిగిపో!' అని కేకేశా. దిగాడు. కొలిస్తే ఎంతుందో తెలుసా?"

"నాలుగే ఉండుంటుంది," అన్నాడు వాచ్‌మన్.

"మూడూ ముప్పావు! నా కేక అక్కడికి చేరేలోపు పావు లీటరు కాలింది మరి."

కెప్టెన్ గారు నవ్వారు. మేస్త్రి నవ్వలేదు. మళ్లీ గడియారం చూశాడు.

ఆ పాత విమానానికి పెట్రోలు చూపే మీటరంటూ ముళ్లూ అంకెలూ ఏం ఉండవు. ట్యాంకులో ఒక బెండు ముక్క తేలుతూ ఉంటుంది. దానికి గుచ్చిన తీగ, మూతకున్న చిల్లులోంచి పైలట్ కళ్లెదురుగా నిలబడి ఉంటుంది. పెట్రోలు తగ్గేకొద్దీ తీగ దిగుతుంది. పాత తీగ తుప్పు పట్టిందని పొద్దున మేస్త్రి కొత్తది వేశాడు. అది కాస్త లావు. చిల్లులో రాసుకుంటోంది. 'నాలుగు సార్లు ఆడితే అదే సర్దుకుంటుందిలే' అనుకున్నాడు. నిన్న విమానం దిగాక రెండు డబ్బాలు పోశాడో, ఒకటే పోశాడో గుర్తు లేదు. తీగ మాత్రం నిటారుగా నిలబడి ఉంది. "కొలిచావా బాబాయ్?" అని పిల్ల అడిగితే, ఇంజను కిందనుంచి తల కూడా ఎత్తకుండా "ఆ, కొలిచా, ఫుల్లు!" అనేశాడు.

ఇప్పుడు రేడియోలో అసలు సంగతి చెప్పాలంటే, ముందు కెప్టెన్ గారికి చెప్పాలి. నోరు తెరిస్తే వేరే మాటలే వస్తున్నాయి.

"అంతెందుకండీ, ఓసారి నేనే ఎక్కాను. ఆకాశం మధ్యలో తీగ ఇరుక్కుంది. ఏం చేశానో తెలుసా? పైలట్‌ని 'నువ్వు తిన్నగా పోనీ' అని, తలుపు తీసుకుని బయటికెళ్లి, ఒక చేత్తో రెక్కని పట్టుకుని, పళ్లతో తీగని సరిచేశా!"

"గాలికి కొట్టుకుపోలేదా?"

"గాలే నన్ను ట్యాంకుకి అదిమి పట్టుకుంది! ఆ తర్వాత ఏమైందో తెలుసా? పెట్రోలు మొత్తం అయిపోయింది. చుక్క లేదు. మూత గట్టిగా బిగించి, లోపలున్న వాసన మీదే నలభై మైళ్లు నడిపించా. దిగాక కొలిస్తే, బయల్దేరినప్పటికంటే రెండు లీటర్లు ఎక్కువుంది!"

వాచ్‌మన్ పొట్ట పట్టుకుని నవ్వాడు. మేస్త్రి కళ్లు మాత్రం ఆకాశమంతా వెతుకుతున్నాయి. గంటా ఇరవై.

గ్లాసులు కడుగుతున్న ఆయన భార్య చెయ్యి ఆగింది.

"ఏమండీ, కొలిస్తే, కొలిస్తే అంటున్నారు. పొద్దున దేంతో కొలిచారు?"

"దేంతో ఏమిటే, కొలత కర్రతోనే!"

"కొలత కర్ర నిన్న సాయంత్రం నుంచీ నా కొట్టు రేకుకి దన్నుగా ఉంది. అదుగో."

అందరూ తలెత్తి చూశారు. గీతలు గీసిన కర్ర, రేకు కింద ఎండలో పొడిగా నిలబడి ఉంది.

మేస్త్రి లేచాడు. "కెప్టెన్ గారూ, రేడియో," అంటూ పరుగెత్తాడు.

"అమ్మలూ, తీగ ఎంతుంది?"

"ఫుల్లే బాబాయ్!" పిల్ల గొంతులో సంతోషం. "ఎంత బాగా చేశావో! వెంట్రుకవాసి కూడా దిగలేదు."

మేస్త్రి మైకు రెండు చేతులా పట్టుకున్నాడు. "అది ఇరుక్కుందమ్మా. దాన్ని నమ్మకు. నేను కొలవలేదు. అబద్ధం చెప్పాను. ఇప్పుడే వచ్చెయ్."

"వస్తున్నా," అంది పిల్ల. కెప్టెన్ గారు మైకు లాక్కుని, "ఎత్తు వదులుకోకు తల్లీ. రన్‌వే మీదికి వచ్చాకే దించు," అన్నారు.

తొమ్మిది నిమిషాలకి కనబడింది. రన్‌వే కొసకి వస్తుండగా ఇంజను రెండుసార్లు దగ్గి, ఆగిపోయింది. ముందున్న పంఖా కర్రలా నిలిచిపోయింది. మేస్త్రి భార్య చీర కొంగు నోట్లో కుక్కుకుంది. విమానం చప్పుడు లేకుండా జారుతూ వచ్చి, గడ్డిలో ఒకసారి ఎగిరిపడి, కుదురుకుని, ఆగింది.

పిల్ల దిగి, చక్రం పక్కనే కూలబడింది. పిన్ని నీళ్లిస్తే గ్లాసు పళ్లకి తగిలి టకటకలాడింది. కెప్టెన్ గారు ట్యాంకులో కర్ర పెట్టి తీశారు. కొన కూడా తడవలేదు.

"రోజూ నేనూ కొలుస్తాను బాబాయ్," అంది పిల్ల. "ఈవేళ నువ్వు కొలిచానన్నావని కొలవలేదు."

మేస్త్రి ఆ పిల్ల ఎదురుగా గడ్డిలో కూర్చున్నాడు.

"ఇంకెప్పుడూ నా మాట మీద ఎక్కకు తల్లీ," అన్నాడు.