అందరూ చూసిన మిస్డ్ కాల్

ఆత్మకూరు పాల కంపెనీ ఆఫీసులో, కలిగిరి నుంచి వచ్చిన పాడిరైతు ఒకామె గుమాస్తా బల్ల ముందు నిలబడి ఉంది. అతడు ఆమెను కూర్చోమనలేదు.

“నా బర్రె ఈనలేక అల్లాడతా ఉంటే, పశువుల డాక్టరు కోసం మిస్డ్ కాల్ ఇచ్చినాను. ఎప్పుడూ మీరే తిరిగి చేసేవాళ్లు గదా?”

“ఇప్పుడా ఫోను లైన్ని మా స్టాఫ్ చాట్ గ్రూపుకు కలిపినారక్కా. నీ కాల్ అందులో పడింది.”

“ఎవురూ చూడలేదా?”

“అందరం చూసినాం. చూసినట్టు బొటనవేలి బొమ్మలు గూడా పెట్టినారు.”

“నువ్వు?”

“నేనూ పెట్టినాను. ఇంకెవరో ఫోన్ చేస్తారనుకున్నాను.”

“అందరూ అదే అనుకొనుంటారులే అబ్బయా.”

“డాక్టర్ని ఇప్పుడే పంపిస్తాను. దూడ పుట్టిందా అక్కా?”

“అది బయటికి రానేలేదు. తల్లితోపాటే పూడ్చినాం.”