బొటనవేలు చెప్పేసింది

వచ్చే నెల పీజీ కోర్సులో చేరబోయే అక్క ల్యాప్‌టాప్‌ల కొట్లో నిలబడింది. ఆమె ఇన్నాళ్లూ వాడిన రకం కంప్యూటర్లు బాగుచేసే తమ్ముడు పక్కనే మూతి ముడుచుకున్నాడు.

"పదేళ్లు అలవాటైనదాన్ని వదిలేసి, ఈ వేరే రకం వెంట పడ్డావేంటక్కా?"

"అది వారానికోసారి మొరాయిస్తోంది కదరా!"

"మొరాయించబట్టే వారానికోసారైనా నాకు ఫోన్ చేస్తున్నావు. దీని ఓనమాలు కూడా నాకు రావు. చెడితే నన్ను పిలవకు."

"సరేలే, పిలవను. ఇందులో కాపీ ఎలా చేస్తారో? కంట్రోల్ నొక్కితే ఉలకదు, పలకదు."

"అబ్బా, అది కాదు! స్పేస్ బార్ పక్కనున్న మీట. బొటనవేలితో ఇలా నొక్కాలి."

అతని వేళ్లు చకచకా కదిలాయి. అక్క నవ్వాపుకుంది.

"ఓనమాలు రానివాడివి, ఎప్పట్నుంచి నేర్చుకుంటున్నావురా?"

"నువ్వు దీని పేరెత్తిన రోజు నుంచి."