కాలనీ తోటకూర

ఆగు. ఆ బుట్ట ముందు ఇక్కడ దించు. పక్కింటికి తర్వాత పోదువు గానీ, నేను మాట్లాడుతుంటే అడుగు తియ్యమాక.

ఏంటీ, "బాబాయ్, మా తోటలో మొదటి కోత, నీ వాటా రెండు కట్టలు" అంటావా? మీ తోటేంటే శ్రీదివ్యా? మున్సిపాలిటీ వాళ్ళ ఖాళీ స్థలం అది. నిన్నమొన్నటిదాకా చెత్త పోసిన దిబ్బ. కాలేజీకెళ్ళే పిల్లలు ఆరుగురు చేరి, నాలుగు మళ్ళు కట్టి బోర్డు పెడితే తోటైపోద్దా?

పైగా పేపర్లో ఫోటో! "చిలకలూరిపేట యువ రైతులు" అట. రైతులంట, రైతులు! మూడెకరాల పత్తి పచ్చపురుగు పాలు చేసుకుని, పొలం అమ్ముకుని, ఈ ఊరొచ్చి జిన్నింగు మిల్లు గేటు కాడ కాపలా కూర్చున్నాను నేను. నా ఫోటో ఎవడేశాడు? చెప్పు!

నవ్వకు. నాకసలే ఒళ్ళు మండిపోతోంది. ఎన్నిళ్ళకి ఇచ్చొచ్చావు? అడిగినదానికి చెప్పు. రెండా? రెండేనా? నిజం చెప్పు.

పోయిన వారం పనిగట్టుకుని మీ దగ్గరికొచ్చి చెప్పానా లేదా? ఆకంతా జల్లెడైపోయింది, పురుగు తినేస్తోంది, మందు కొట్టండర్రా అని. "మేం మందు కొట్టం బాబాయ్, వేపకషాయం చాలు" అని కిసుక్కున నవ్వాడు ఆ ఆత్రేయగాడు. మాస్టారి కొడుకు నాకు సేద్యం నేర్పుతాడు! పలుగు ఎటు పట్టుకోవాలో తెలీదు వాడికి. వాడు నవ్వితే మీరంతా నవ్వారు. నువ్వూ నవ్వావు.

ఆ పూట నాకు అన్నం సయించలేదే. పురుగు పట్టిన చేను చూస్తూ చేతులు ముడుచుకు కూర్చోవడం నావల్ల అవుద్దా?

ఏంటలా ఆకు తిప్పి తిప్పి చూస్తావు? అవును, పురుగు లేదు. ఒక్కటంటే ఒక్కటి లేదు. మీ కషాయం గొప్పతనమనుకున్నావా?

నిన్న సాయంత్రం మీరంతా వరల్డ్ కప్పని టీవీకి అతుక్కుపోయారు చూడు, అప్పుడు మందు కొట్టే పంపు వీపుకి తగిలించుకుని మీ మళ్ళలోకి దిగాను. పత్తికి తెచ్చిన మందు డబ్బా అడుగున ఇంత మిగిలుంది, పారేయబుద్ధి కాక దాచుకున్నాను. పురుగు లేని ఆకు చూసి మీరు నోళ్ళు వెళ్ళబెట్టాలి, అప్పుడు చెప్పాలి, ఇది యలమంద చెయ్యిరా అని. అంతే అనుకున్నాను.

కడిగితే పోదా అంటావా? పోదే! ఆకులోకి ఇంకే మందది.

ఒట్టు, తిండి సంగతే తట్టలేదమ్మా. పాతికేళ్ళు పత్తికే కొట్టిన చెయ్యి ఇది. పత్తిని ఎవడు తింటాడు? ఇందాక నువ్వు బుట్టెత్తుకుని ఈ వీధిలోకి తిరిగాకే తట్టింది. అప్పుడైనా నిజం చెబుదామంటే తిట్లే వచ్చినయ్యి.

బుట్ట ఇక్కడే వదిలెయ్. నన్ను తర్వాత తిట్టుకుందువు గానీ, ఆ రెండిళ్ళూ ఏవో చూపించు, పద! ఈపాటికి పొయ్యి మీదకి ఎక్కించేసుంటారు!