గొర్రెల దొడ్డిలో మహాసభ

మేళ్లచెరువు పక్క గుట్టను సున్నపురాయి గనికి ఇవ్వాలా వద్దా అని మర్నాడు అధికారులు ఊరిని అడగనున్నారు. వద్దని వాదించవలసిన కాపరికి తర్ఫీదివ్వడానికి అతని దొడ్డిలోనే మహాసభ కొలువుదీరింది. కలెక్టరూ, కంపెనీ మేనేజరూ అతని భార్యే, సభాసదులు గొర్రెలు.

“నేను కలెక్టరమ్మను. వంగకు, నిలబడి చెప్పు.”

“మేడమ్, గా గుట్ట పోతే మా జీవాలు ఏం మేయాలె? దుమ్మా?”

“మంచిగున్నది. ఇగ నేను కంపెనీ సారును. ఊరికి నీళ్ల ట్యాంకు కట్టిస్తం, పెద్దమనిషీ.”

“దేనికి సారూ? మీ దుమ్ము కడుక్కోనీకా?”

“అబ్బో, నోరు లేసింది! సరే, నీ కొడుక్కు గేటుకాడ కొలువిస్తం.”

“మావోడు జీవాల ఎంట పోతడు సారూ.”

“ఎన్నేండ్లు పోతడు? ఎండల తిరిగి సగమైండు. కొలువుంటే పిల్లనన్న ఇస్తరు.”

“గిది సారు మాటేనా?”

“సారు గిట్లనే అడుగుతడు.”

“మనోడు సగమైన సంగతి సారుకెట్ల ఎరుక?”

కలెక్టరూ, మేనేజరూ ఏకకాలంలో కొంగు సర్దుకున్నారు. సభలో ఒక గొర్రె దగ్గింది.

“జవాబు చెప్పయ్యా. రేపు చెప్పాలె గద.”

“చెప్త. నువ్వు మాత్రం రేపు ఆడికి రాకు.”