పారిస్‌లో రత్నాలు

అరకు సంతలో వాన పట్టుకుంది. సన్యాసిరావు టీ కొట్టు రేకుల కింద నలుగురు చేరగానే మంగరాజు పారిస్ కబుర్లు ఎత్తుకున్నాడు. మంగరాజు బావని బేగి ఇంటికి తీసుకుపోదామని వచ్చిన ఫల్గుణ చేసేది లేక బల్ల చివర కూర్చున్నాడు. తన తోడబుట్టిన అప్ప రత్నాలు చనిపోయిన దగ్గర్నుంచీ బావది ప్రతి సంతకీ ఇదే వరస.

మంగరాజు చిన్నగానే మొదలెట్టాడు. కాఫీ పండగకని సొసైటీవాళ్లు రైతుల్ని పారిస్ తీసుకెళ్తూ తన పేరూ రాశారట. అంతవరకూ నిజమే. భార్యని కూడా తీసుకుపోయానన్నాడు. ఓ పూట ఖాళీ దొరికితే ఇద్దరూ నదిలో పడవెక్కి ఊరంతా చూశారట. వంతెన కింద పడవ ఇరుక్కుని తెల్లోళ్లంతా బిక్కమొహాలేస్తే, మంగరాజే దిగి భుజం పెట్టి తోశాడట.

"ఆ నీళ్లు ఎంత లోతో ఎరికా? తాటిసెట్టంత. నాకు మోకాలు దాట్లేదు."

సన్యాసిరావు నవ్వాపుకుంటూ గ్లాసు అందించి, ఇంకేటి సూసేవని అడిగాడు.

మర్నాడు రైలెక్కి ఊరవతల రాజుగారి కోటకి వెళ్లారట. అక్కడ అద్దాల గదిలో ఒక్క మంగరాజు వెయ్యిమంది మంగరాజులై కనిపించేసరికి, ఎవరో దండెత్తి వచ్చారనుకుని కాపలావాళ్లు కోట తాళాలు చేతిలో పెట్టేశారట. సాయంత్రం టవర్ దగ్గరికి పోతే లిఫ్టు పాడైపోయిందట. మిరియాలు కొయ్యడానికి సిల్వరోక్ చెట్టు ఎక్కినట్టు ఇనప కమ్మీలు పట్టుకుని పాకాడట. పైనుంచి చూస్తే మన కొండలు, వాటి మీద మేస్తున్న మేకలతో సహా కనిపించాయట.

"ఆ తరవాత ఏటయిందో తెలుసా? నాకంటే ముందే రత్నాలు పైనుంది. మెట్లన్నీ ఎక్కీసింది. ఆయాసం లేదు, దగ్గు లేదు. ఇంతసేపేటని నన్నే తిట్టింది."

అందరూ నవ్వారు. ఫల్గుణకి నవ్వు రాలేదు. రైతుల విమానం పారిస్ వెళ్లిన రోజు అప్ప విశాఖలో ఆసుపత్రి మంచం మీద ఉంది. బావ ప్రయాణం మానుకుని ఆమె వీపు నిమురుతూ కూర్చున్నాడు. బాత్రూం దాకా నడవాలన్నా ఆమె మధ్యలో గోడ పట్టుకుని ఆగేది. పడవ తోశానన్నా, కోట తాళాలన్నా ఫల్గుణ ఊరుకున్నాడు గానీ, ఇది మాత్రం వినలేకపోయాడు.

"బావా, అప్పుడు అప్ప ఆసుపత్రి మంచం మీదుంది. నువ్వు పక్కనే ఉన్నావు. మీరు ఏ పారిస్‌కీ ఎల్లలేదు."

నవ్వులు ఆగిపోయాయి. సన్యాసిరావు తల తిప్పుకుని కడిగిన గ్లాసులే మళ్లీ కడగసాగాడు. మంగరాజు టీ గ్లాసు బల్ల మీద పెట్టాడు. కోప్పడతాడేమోననుకున్నాడు ఫల్గుణ. కోప్పడలేదు.

"ఎరికేరా," అన్నాడు లోగొంతుకతో. "మరింకెక్కడ ఎక్కుతాదిరా అది ఆ మెట్లు?"

మిగతావాళ్లు ఒక్కొక్కరే సంచులు నెత్తిన కప్పుకుని వానలోకి వెళ్లిపోయారు. కాసేపటికి ఫల్గుణ బల్ల మీద బావకి దగ్గరగా జరిగి, టవర్ పైనుంచి అప్ప ఏటేటి సూసిందని అడిగాడు.