అంకమ్మక్క చెయ్యి

ఏందిమే, ఏమడిగినావు? ఆ గట్టున కూడా మనోళ్ళు ఉండారంట, మరి రాకపోకలెందుకు లేవవ్వా అనా? ఎవురు చెప్పినారు నీకు, మీ అమ్మా? దానికేం తెలుసు, ఖరగపూర్లో పుట్టిన పిల్ల.

కూర్చో. ఆ ఫోను ఆడ పెట్టు. నా మాటలు అందులోకి పోతా ఉండాయా? పోనీ. అయితే పొల్లు మాట చెప్పకూడదు. తప్పొస్తే నేనే దిద్దుకుంటా.

మాది పులికాట్ నీళ్ళకి ఉత్తరపు గట్టు. చేపలు పట్టేవాళ్ళ ఊరిని మా పక్క కుప్పమంటారు. దక్షిణపు గట్టున ఇంకో కుప్పం. మేము తెలుగోళ్ళం, వాళ్ళు అరవోళ్ళు. కాదు కాదు, అట్లా ఇప్పుడంటా ఉండా, అప్పుడు అనేవాళ్ళం కాదు. మా అమ్మ ఆ గట్టు పిల్లే. ఇంట్లో అన్నం అడిగేది తెలుగులో, తిట్టుకునేదీ ఏడ్చేదీ మాత్రం అరవంలో. కుప్పమంతా అంతే.

మా పెద్దక్క అంకమ్మక్కని ఆ గట్టునే మునెయ్య బావకిచ్చినారు. మంచోడు. ఆయన నవ్వితే పడవ ఊగేది.

నీళ్ళంటే అన్ని చోట్లా ఒకటి కాదుమే. సముద్రం లోపలికొచ్చే మొగ దక్షిణాన ఉండాది, ఎండాకాలం రొయ్య ఆడినించే రావాల. వానాకాలం ఏటి నీళ్ళు మా పక్క దిగుతాయి, చేప అప్పుడు మా పక్కకొస్తాది. అందుకని ఏటా పాడు వేసేవాళ్ళు. పాడంటే వంతు. నడిమి ఇసక దిబ్బ మీద రెండు కుప్పాల పెద్దలు కూర్చుంటారు. ఒక్కో చోటికి ఒక్కో గుర్తు, గవ్వో, పెంకో, తాటాకు ముక్కో, కుండలో వేస్తారు. ఒక గట్టున పుట్టి ఇంకో గట్టున మెట్టిన ఆడది చెయ్యి పెట్టి తీయాల. ఇది మీకు, ఇది వాళ్ళకి అని. పుట్టినిల్లూ దానిదే, అత్తగారిల్లూ దానిదే, మోసం చేస్తే ఎవరికి చేస్తాది?

ఆ చెయ్యి మా అక్కది. పాడయినాక మా పడవలోనే ఇంటికొచ్చేది. ఏడాదికి ఆ ఒక్కసారే అది పుట్టింటికొచ్చేది. మా అమ్మ తలకి నూనె పెట్టి, రొయ్యల పులుసు చేసేది. రొయ్యలంటే అప్పుడు గంప అర్ధరూపాయికి కూడా అడిగేవాళ్ళు లేరులే.

ఆంధ్ర వేరయినాక, ఏ ఊరు ఎవరిదని సరిహద్దు తగాదా లేచింది. నెల్లూరు నించి తెల్లచొక్కాల పిల్లోళ్ళు జీపుకి మైకు కట్టుకోనొచ్చి, ఇవి తెలుగు నీళ్ళు అన్నారు. ఒక ముసలామె, "ఉప్పనీళ్ళని తెలుసుగాని నాయనా, తెలుగు నీళ్ళని ఇప్పుడే వింటా ఉండా" అనింది. అందరూ నవ్వినారు. ఆ నవ్వినోళ్ళే మళ్ళా పడవలకి జెండాలు కట్టినారు. ఆ గట్టున ఇంకో మైకంట, అరవంలో అదే మాటంట.

ఆ ఏడు దిబ్బ మీదికి అమ్మతో నేనూ పోయినా. అక్క కుండ మీద చెయ్యి పెట్టబోయింది. మా చిన్నాయన, అంటే నాయన తమ్ముడు, లేచినాడు. "అది అరవోళ్ళ కోడలు. మన వంతు దాని చేతిలో పెడతామా?"

ఆ పక్క పెద్దాయన కూడా లేచి, "తెలుగు పిల్ల చెయ్యి మాకూ వద్దు" అన్నాడు.

"పోయినేడు ఈ చెయ్యే గదా మామా?" అన్నాడు బావ, మా చిన్నాయనతో.

"పోయినేడు సంగతి వేరు."

అక్క నాయన వైపు చూసింది. నాయన ఇసక వైపు చూసినాడు. ఎవురో కుండ తన్నినారు. గవ్వలు ఇసకలో పడితే ఏరేదానికి ఒక్కరూ వంగలేదు. అక్క ఆ పొద్దు ఇంటికి రాలేదు.

ఎవురి నీళ్ళు వాళ్ళవే అనుకున్నారు. మొగ ఆ పక్క ఉండాదని చంటిబిడ్డకి కూడా తెలుసు. తెలిసే చేసినారు. ఎండాకాలానికి మా పక్క బురద, వలలు గుంజలకి వేలాడినాయి. వాళ్ళు మాత్రం బాగుపడినారా? వానాకాలం వాళ్ళూ పస్తే. అయినా అడిగేదానికి ఎవురూ పోలేదు.

ఆ మరుసటేడు మా అమ్మ పోయింది. అక్కకి కబురు పెట్టనియ్యలేదు. ఎట్లా తెలిసిందో, బావ పడవలో అక్క వచ్చింది. చిన్నాయన పడవ తోసే గెడ తీసుకోని ఒడ్డున నిలబడినాడు. "దాన్ని దిగనిస్తే రేపు వాళ్ళ వల కూడా దిగుతాది" అన్నాడు.

అక్క పడవలో నిలబడి శోకమెత్తింది, "ఎన్నె పెత్త తాయే" అని. నన్ను కన్న తల్లీ అని. గట్టు మీద మేము ఏడుస్తా ఉండేదీ అదే శోకం. అదొక మాటంటే మేమొక మాట అందుకుంటా ఉండాము. చిన్నాయన పడవ ముక్కుకి గెడ ఆనించి తోస్తా, "పోడీ, పోడీ" అన్నాడు. అరవంలోనేమే. అరవోళ్ళని పొమ్మనేదానికి మా చిన్నాయనకి తెలుగు మాట నోటికి రాలేదు.

పడవ తిరిగింది. అక్క కూలబడి, ఆ చెయ్యి నీళ్ళల్లో పెట్టుకోని అట్లే పోయింది. మళ్ళా నేను చూడలేదు.

నీళ్ళు అన్నం పెట్టకపోతే మీ తాత ఖరగపూర్ రైలు షెడ్డు పనికి పోయినాడు. ఆడ కొళాయి దగ్గర మమ్మల్ని ఏమన్నారో తెలుసా? మద్రాసీలు! అక్కని తోసేసి అంత దూరం పోతే దొరికిన పేరది. మీ అమ్మ బయటికి పోతే వచ్చేదాకా వాకిట్లోనే నిలబడేదాన్ని. మెల్లిగా మాట్లాడమ్మా, ఎవరన్నా వింటారు అని చెప్పీ చెప్పీ దాని గొంతే చిన్నదైపోయింది.

ఇప్పుడు నీ బిడ్డలు యాడో పూనాలో ఉండారు. చల్లగా ఉండాల తల్లీ. వాళ్ళని ఎవురూ తొయ్యకూడదు. వాళ్ళ చేతికి ఎవురన్నా గెడ ఇస్తే... ఏమో. మా చిన్నాయన కూడా చెడ్డోడు కాదుమే, నన్ను బుజాన ఎత్తుకోని తిరిగినోడు. అదే నాకు బయం...

చాల్లే, ఆ ఫోను ఆపు.