తేలేవీ మునిగేవీ

కాదు బాబాయ్, మీరలా చూస్తుంటే నేనెలా చెప్పేది? సింకు గొట్టంలో ఏం పడిందని అడిగారు, చిన్న వస్తువన్నాను. ఎంత చిన్నదన్నారు, వేళ్ళతో చూపించాను. ఇప్పుడు దేంతో చేసిందంటున్నారు. మీరొచ్చింది గొట్టం విప్పడానికి. ఇదేమన్నా కోర్టా?

సరే, చెప్తాను. పళ్ళు.

మనుషులవే. మూడు. ముందువి. గులాబీరంగు ప్లేటుకి అంటించి ఉంటాయి, నోట్లోంచి తీసి పెట్టుకునే రకం. మా అక్కా వాళ్ళ అత్తగారివి. ఆవిడ పక్క గదిలో తలుపేసుకుని ఉన్నారు. ఇందాక మీరొస్తే పలకరించకుండా రుమాలు నోటికడ్డం పెట్టుకుని తలూపి వెళ్ళిపోయారే, ఆవిడే. పొగరనుకునేరు. నోరు తెరిస్తే ఈల వస్తోంది, అదీ సంగతి. గంటన్నర నుంచి ఈ ఇంట్లో ఆవిడ గొంతు వినపడలేదు. ఎదురింటావిడ కంగారుపడి వచ్చి, అంతా కులాసాయేనా అని అడిగి వెళ్ళింది.

టార్చి నోట్లో పెట్టుకున్నారా? మంచిది. మీరు మాట్లాడక్కర్లేదు, ఊఁ అంటే చాలు. నాకలవాటే. బొటనవేలితో మాట్లాడే మనిషి దగ్గర నెల రోజులుగా ఉద్యోగం చేస్తున్నాను.

అదిగో, మీ పక్కన గొంతుక్కూచుని మీ పానా వైపే చూస్తోందే, ఆవిడే. మా అక్క కూతురు, నాలుగేళ్ళు. మేం జడ్జిగారంటాం. ఆవిడ వాదించదు, తీర్పిస్తుంది అంతే. వేలు పైకెత్తిందా, తేలుతుంది. కిందికి దించిందా, మునుగుతుంది. మాతో అయితే రోజుకో నాలుగు మాటలు గొణుగుతుంది. గడప దాటి ఎవరన్నా లోపలికొచ్చారో, ఇక నోటికి తాళం. మీరొచ్చి అరగంటయింది, ఒక్క ముక్కన్నా విన్నారా?

అసలు ఇదంతా ఎలా మొదలైందంటే, నా చదువైపోయింది. ఉద్యోగం ఇంకా నన్ను వెతుక్కుంటోంది. ఖాళీగా ఉన్నావు కదా, పిల్లలిద్దర్నీ చూసుకోవే అంది అక్క. చూసుకోవడమేంటి, చదువే చెప్తానన్నాను. ఇంట్లో ఉన్న వస్తువులతో, చేతులతో, ఆడుతూ పాడుతూ. పుస్తకం ముట్టుకోకుండా.

అంత గొప్పగా నేను తప్ప ఎవరూ చెప్పరు. ఎందుకంటే ఎవరికీ నాకున్నంత అజ్ఞానం ఉండదు.

మొదటివారం తూకాలు. బట్టల హ్యాంగరుకి రెండు వైపులా రెండు డబ్బాలు కట్టి త్రాసు చేశాం. మా అక్క హ్యాండుబ్యాగు పదిహేడు బంగాళాదుంపలు తూగింది. మర్నాడు ఆఫీసులో కాగితాల కోసం చెయ్యి పెడితే పద్దెనిమిదోది తగిలిందట. ఎవరో తూకం సరిచేద్దామని వేశారు. ఎవరో అంటే మా అక్క కొడుకు, ఆరేళ్ళు. ఇంజనీరుగారంటాం. ఇప్పుడు బాల్కనీలో మంచం కింద అజ్ఞాతవాసంలో ఉన్నాడు. ఈ కేసులో ఆయనా ముద్దాయే.

రెండోవారం నుంచి నీళ్ళు. దేన్నన్నా నీళ్ళలో వేసే ముందు ఇంట్లో ఉన్నవాళ్ళంతా ముందుగా చెప్పాలి, తేలుతుందా మునుగుతుందా అని. తర్వాత వేసి చూడాలి. రూలు ఒకటే పెట్టాను. ఎవరు గెలిచారో పెద్దవాళ్ళు చెప్పకూడదు, నీళ్ళే చెప్పాలి. మనం చూసింది చూసినట్టు పైకి చెప్పాలి. ఎంత గొప్ప రూలో చూడండి. నా గోతికి కొలతలు నేనే ఇచ్చుకున్నాను.

పెన్ను, దువ్వెన, సబ్బు, ఉల్లిపాయ, చెప్పు. రోజుకో పది. చెప్పుకోడానికి సిగ్గేస్తోంది గానీ, జడ్జిగారు పందొమ్మిది రోజుల్లో రెండే సార్లు తప్పింది. నా సంగతి అడక్కండి. డిగ్రీ ఉంది నాకు. ఫ్రేము కట్టించారు.

ఏంటది, దొరికిందా? చూపించండి. కాదు, చిక్కుడు గింజ. అయ్యో, మొలకొచ్చింది చూడండి, తెల్లగా, జానెడు.

దీనిక్కూడా కథ ఉంది. గ్లాసులో తడి దూది పెట్టి ఇద్దరికీ చెరో గింజా ఇచ్చాను. ఇంజనీరుగారు రోజూ బయటికి తీసి, పెరిగిందా అని స్కేలుతో కొలిచి లోపల పెట్టేవాడు. మూడోరోజుకి అది విసుగొచ్చి చచ్చిపోయింది. జడ్జిగారి గింజ మొదటిరోజే కనపడలేదు. ఏం చేశావే అంటే సింకు వైపు వేలు చూపించింది. పారేశావా అని మందలించాను. వారం రోజులు అలాగే వేలు చూపిస్తూనే ఉంది, మేమెవరం తొంగిచూడలేదు. ఎప్పుడూ తడిగా ఉండే చోటు చూసి నాటుకుంది బాబాయ్, ఇదిగో సాక్ష్యం.

తీసుకో అమ్మా, నీదే. మీ చేతిలోంచి తీసుకుంది చూశారా? పరాయివాళ్ళ చేతిలోంచి ఏదీ తీసుకోదు మామూలుగా. మీకు మర్యాద చేసింది.

మీరు గొట్టం తిప్పుతూ వినండి, అసలు చిక్కు ఇక్కడుంది. రెండువారాల కిందట దీన్ని బళ్ళో చేర్పించడానికి తీసుకెళ్ళారు. పెద్దటీచరు ముద్దుగా, నీ పేరేంటమ్మా అని అడిగిందట. ఇది బాగా ఆలోచించి బొటనవేలు పైకెత్తింది.

పేరు తేలుతుందట.

మా అక్క ఇంటికొచ్చి చెప్పులు కూడా విప్పకుండా నా మీద పడింది. నీ ఆటల వల్ల ఉన్న రెండు మాటలూ పోయాయి అంది. తప్పనలేను. ఇంకో రెండువారాలు చూస్తాను, బయటి మనిషి ముందు ఇది నాలుగు మాటలు మాట్లాడితే సరి, లేకపోతే సోమవారం నుంచి మాట్లాడించే తరగతిలో వేస్తానంది. ఆ రెండువారాలూ ఇవాళ్టితో సరి. ఆరింటికి ఆఫీసు నుంచి వస్తుంది. ఇప్పుడు టైమెంత? ఐదూ నలభయ్యా?

ఆ తరగతి నేను వెళ్ళి చూసొచ్చాను. పాతిక మంది చేతులు కట్టుకుని వరసల్లో ఉన్నారు. మాట్లాడని పిల్లల్ని లేపి నిలబెడతారు. ఎంతసేపని అడిగాను. మాట్లాడేదాకా అని చెప్పింది అక్కడి టీచరు, చాలా దయగానే. ఒక పిల్లాడు నిలబడి ఉన్నాడు. సాక్సులు జారిపోయి ఉన్నాయి. వంగి లాక్కోడానికి కూడా భయపడుతున్నాడు.

మా జడ్జిగారి సాక్సులు కూడా జారతాయి బాబాయ్.

అందుకని ఇవాళ ఎలాగైనా దీని చేత గట్టిగా మాట్లాడించాలని పెద్ద ఆట పెట్టాను. టబ్బు లేదు. పోయినవారం హాలు మొత్తం చెరువైతే అక్క దాన్ని అటకెక్కించింది. సింకు నింపుదామన్నాను. సింకు మూసే రబ్బరు బిళ్ళేమో ఇంజనీరుగారి ఓడకి చక్రమైపోయింది. ఓడకి చక్రమెందుకని అడక్కండి. నేనడిగాను. ఒడ్డుకొచ్చాక కావాలిగా అన్నాడు. జాలీ పీకేసి బంకమట్టి ఉండ చేసి కన్నంలో కూరాడు. బాగుందన్నాను. నిజంగానే బాగుంది, ఓ పావుగంట.

పళ్ళు ఎవరు తీసుకొచ్చారంటారా? పిల్లలు కాదు. నేనూ కాదు.

ఆవిడే ఇచ్చారు. అత్తయ్యగారు. మొదట్లో, నీళ్ళాటలు కూడా చదువేనా పిల్లా అని నన్ను తెగ సాధించేవారు. మూడోరోజుకి కుర్చీ లాక్కుని కూర్చున్నారు. వారం తిరిగేసరికి పొద్దున్నే లేచి, ఇవాళ నా కళ్ళజోడు డబ్బా వేద్దాం అని వంటింట్లోకొచ్చేవారు. మనవరాలి చేతిలో ఓడిపోతుంటే ఆవిడకి పంతం పెరిగింది. ఇవాళ ఇంజనీరుగారు ఒక సిద్ధాంతం కనిపెట్టాడు. గిన్నె తేలింది, గరిటె మునిగింది. కాబట్టి లోపల గుంటగా ఉన్నదేదైనా తేలుతుందని. అత్తయ్యగారు కాసేపు ఆలోచించి, అటు తిరిగి, నోట్లోంచి ప్లేటు తీశారు. దీనికీ గుంటుంది అన్నారు, ఈలతో సహా.

నేను వద్దనాలి. పెద్దదాన్ని కదా. నేనేమన్నానంటే, తేలుతుందన్నాను.

ముగ్గురం తేలుతుందన్నాం. జడ్జిగారు వేలు కిందికి దించింది.

వేశాం. మునిగింది.

ఊరుకోవచ్చుగా? ఊరుకోలేదు. పక్కకి వాల్చి వేశారు, తిన్నగా వేస్తే తేలేది అని ఇంజనీరు. ఒక్క క్షణం తేలింది, నేను చూశాను అని అత్తయ్యగారు. మళ్ళీ వేయాల్సిందే అని నేను. ముగ్గురం ఒకళ్ళ మాట ఒకళ్ళకి వినపడకుండా వాదించుకుంటున్నాం. ప్లేటు అడుగున పడుకుని మమ్మల్ని చూసి నవ్వుతోంది. దానికి వేరే పని చేతకాదు కదా. ఈలోగా మట్టి నాని, జారి, గుడగుడమని ఒక్క చప్పుడు. చూసేసరికి సింకు ఖాళీ.

కాబట్టి నేను కోరేది ఒక్కటే. మా అక్కొస్తే, అత్తయ్యగారు కడుక్కుంటుంటే చెయ్యి జారిందని చెప్పండి. మీ నోటి నుంచి వస్తే నమ్ముతుంది, పనిముట్లున్నాయి కదా మీ చేతిలో. అత్తయ్యగారు ఒప్పుకున్నారు. ఇంజనీరుగారు మంచం కిందనుంచి ఒప్పుకున్నాడు. ఇది ఎలాగూ మాట్లాడదు.

అలా మాటిమాటికీ దాన్ని చూడకండి. నన్ను చూడండి.

లేదు, అంతా చెప్పేశాను. ఇంకేం దాచాను? మీరు చాలా అనుమానం మనిషి.

వచ్చిందా? అదే, అదే. మూడూ ఉన్నాయా? ప్లేటు విరగలేదు కదా? అమ్మయ్య. అత్తయ్యగారూ, దొరికాయి. ఆగండాగండి, ముందు వేణ్ణీళ్ళలో వేసి కడుగుతాను. ఇలా ఇవ్వండి బాబాయ్, చప్పున. మెట్ల మీద చెప్పుల చప్పుడు, మా అక్కదే. గుర్తుంది కదా, చెయ్యి జారింది.

ఇవ్వరేంటి? ఏంటలా ఉండిపోయారు? టార్చి ఎందుకు తీశారు నోట్లోంచి?

ఎవరు? ఇదా? మీతోనా?

ఏమందీ... ఆగండి, మీరు చెప్పకండి. మళ్ళీ చెప్పమ్మా. నా వైపు కాదు, ఆయన వైపే చూసి చెప్పు. ఊఁ.

"అది మునిగింది. నేను ముందే చెప్పాను. నీళ్ళు తగ్గుతున్నాయని కూడా చెప్పాను. పిన్ని ఆగమంది."

విన్నాను బాబాయ్. నాక్కూడా వినపడింది. గుమ్మంలో తాళంచెవి పట్టుకుని నిలబడిందే, మా అక్క, ఆవిడక్కూడా వినపడింది.

అవును. అదొక్కటే మీకు చెప్పలేదు. మేం ముగ్గురం అరుచుకుంటుంటే ఇది నా చున్నీ పట్టుకుని మూడుసార్లు లాగింది. నీళ్ళు తగ్గుతున్నాయ్ పిన్నీ అంది. గొణగలేదు, గట్టిగానే అంది. ఇంట్లో అంతమంది ఉంటే ఒక్కతే చూడాల్సింది చూసింది, చూసింది చూసినట్టు చెప్పింది. నేనేమన్నానో తెలుసా? అబ్బ, కాసేపు నోరు మూసుకో, పెద్దవాళ్ళం మాట్లాడుకుంటున్నాం కదా అన్నాను. నెల రోజులు దీని నోట్లోంచి మాట రాలాలని నీళ్ళు మోసి, రాలిన మాటని నేనే నొక్కేశాను.

పళ్ళ గురించి అబద్ధం అత్తయ్యగారి పరువు కోసం కాదు. నా కోసం.

ఒక పది నిమిషాలాగి మొదలెట్టాల్సింది ఈ పిల్ల. కాస్త కడిగి, తుడిచి, పెట్టుకున్నాక. కానీ తీర్పులకి టైము మనం పెట్టలేం కదా.

అక్కా, చెప్పులు తర్వాత విప్పుకో. ఈయన ప్లంబరు గారు, బయటి మనిషి, ఇవాళే మొదటిసారి వచ్చారు. నాలుగు మాటలన్నావు. నేను లెక్కపెట్టాను, పదకొండు. ఇంకా ఉన్నట్టున్నాయి, మొలక గురించి ఏదో ఎత్తుకుంది.

తిట్టు, నేనెక్కడికీ పోను. కానీ ముందు దాన్ని పూర్తి చెయ్యనీ. ఇవాళ ఒకసారి ఆపాను, మూడు పళ్ళు పోయాయి.